మూడో అంతస్తులో పుత్తూరు కట్టు

కరకంబాడి రోడ్డులో కుప్పుస్వామి తెలియనివాళ్ళంటే ఎప్పుడూ ఎముక విరగనివాళ్ళే అయ్యుండాలి. చెయ్యి విరిగినా, మడమ బెణికినా, మోకాలి చిప్ప జరిగినా ఆటో ఎక్కి "పుత్తూరు కట్టు కాడికి పోనీ" అంటే చాలు, డ్రైవరు దారి అడిగేవాడు కాదు. నిజానికి పుత్తూరు అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. కుప్పుస్వామి తాత పుత్తూరులో నేర్చిన విద్యను తండ్రి తిరుపతి శివారుకు తెచ్చాడు, కుప్పుస్వామి నలభై ఏళ్ళుగా నిలబెట్టాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, ఉతికి ఆరేసిన పాత పంచెల గుడ్డ, ఇంతే ఆయన సరంజామా. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిందంటే మాత్రం ముట్టుకునేవాడు కాదు. "ఇది నా పని కాదప్పా, పెద్దాసుపత్రికి పోండి" అని తనే ఆటో పిలిచి ఎక్కించేవాడు. అంత తెలిసినవాడు, విరిగిన కాళ్ళ మధ్యనే జుట్టు నెరిసినవాడు, తన వైద్యశాలను మూడో అంతస్తుకు ఎందుకు ఎక్కించాడో చెప్పాలంటే ముందు గోడ సంగతి చెప్పాలి.

పక్క స్థలం రాఘవమ్మది. రోడ్డు వైపు రేకుల కింద టిఫిన్ హోటలు, వెనక పెంకుటిల్లు. ఆమె భర్త మునిరత్నం ఉన్న రోజుల్లో కుప్పుస్వామి ఆయన్ని బావా అనేవాడు, ఆమెను అక్కా అనేవాడు. చుట్టరికమేమీ లేదు, పిలుపులతోనే చుట్టాలయ్యారు. కట్ల కోసం రోజూ పొద్దున్నే ముప్పై, నలభై గుడ్లు పగిలేవి. తెల్లసొన కట్టుకు పోయేది, మిగిలిన పచ్చసొన స్టీలు గిన్నెలో గోడ మీదుగా రాఘవమ్మ చేతికి వెళ్ళేది. పెనం మీద దోశ పోసి, దాని మీద ఆ సొన పూసి, తరిగిన ఎర్రగడ్డలూ కారమూ చల్లి ఆమె తీసే దోశ కోసం రేణిగుంట నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఆ గోడ మీదుగానే ఇటు ఇడ్లీలూ పొంగలీ వచ్చేవి, నొప్పితో వచ్చినవాళ్ళకూ వాళ్ళను మోసుకొచ్చినవాళ్ళకూ.

మునిరత్నం పోయిన మరుసటి ఏడు వానలకు ఆ గోడ పడిపోయింది. కుప్పుస్వామి మళ్ళీ కట్టించాడు. కొలతలు చూసింది మేస్త్రీ కళ్ళే, టేపు పట్టినవాళ్ళు లేరు. గోడ లేచాక రాఘవమ్మ వచ్చి నిలబడి చూసింది.

"నాలుగంగుళాలు మా పక్కకొచ్చినాది కుప్పుసామీ" అంది.

"రాలేదక్కా. నేను దగ్గరుండి కట్టించినాను."

"మీ బావ ఉంటే ఇట్లా జరిపుండేవాడివా?"

ఆ మాట కుప్పుస్వామికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మొగుడు లేనిదని చూసి స్థలం మింగాడని నలుగురిలో అన్నట్టే కదా. "నీ నాలుగంగుళాల్లో నేనేం మేడలు కడతానా?" అని ఆయనా నోరు పారేసుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచి పన్నెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. పచ్చసొన గిన్నె గోడెక్కడం మానేసి రోడ్డు మీదికి పోయింది. కరకంబాడి రోడ్డు కుక్కలకు ఆ పన్నెండేళ్ళూ పండగే, ఒక్కోటి దూడంత అయింది. రాఘవమ్మ గుడ్లు కొనుక్కుని దోశ వేసుకునేది.

మధ్యలో ఒక్కసారి మాత్రం ఆమె ఆయన గుమ్మం తొక్కింది. ఆరేళ్ళ కిందట పిండి బకెట్టు మోస్తూ జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కుప్పుస్వామి కూతురు నందిని తండ్రి దగ్గరే విద్య నేర్చి, ఆడవాళ్ళకు తనే కట్టు కట్టేది. ఆ పిల్లతో రాఘవమ్మకు ఎప్పుడూ మాటలున్నాయి, అలక పెద్దవాళ్ళిద్దరిదే. కానీ ఆ చెయ్యి నందినికి లొంగలేదు. చివరికి కుప్పుస్వామే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నొప్పి యాడుండాదో అడుగమ్మా" అన్నాడు కూతురితో.

"ఈడుండాదని చెప్పమ్మా" అంది రాఘవమ్మ, ఆ కూతురితోనే.

అడుగు దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య నందిని మాటలు మోసింది. కుప్పుస్వామి పావుగంట సేపు ఆ చేతిని నిమురుతూ, నిమురుతూ, ఆమెకు తెలియకుండానే ఎముకను తన చోటికి చేర్చి కట్టు కట్టాడు. రెండు నెలలకు ఆ చేత్తోనే ఆమె మళ్ళీ పెనం తిప్పింది. మాట మాత్రం కలవలేదు. మొండితనంలో ఇద్దరిదీ ఒకే బడి.

ఇంతలో రోడ్డు వెడల్పయింది. పెంకుటిళ్ళు ఒక్కొక్కటే పోయి, కింద షాపులూ పైన ఫ్లాట్లూ లేస్తున్నాయి. బిల్డరు జయచంద్ర కన్ను ఈ రెండు స్థలాల మీద పడింది. విడివిడిగా అయితే దేనికీ చాలవు, కలిపితే నాలుగంతస్తులు లేస్తాయి. ఆయన విడివిడిగానే ఇద్దరి దగ్గరికీ వెళ్ళి ఇద్దరినీ ఒప్పించాడు. కారుతున్న కప్పు కింద గిన్నెలు పెట్టి పెట్టి విసిగిన నందిని తండ్రిని ముందే సగం ఒప్పించి పెట్టింది.

ఎవరికేం కావాలో రాసుకునే రోజు జయచంద్ర కాగితాలు పరిచాడు. "రాఘవమ్మ గారు కింద రోడ్డు మీదికి రెండు షట్టర్ల హాలు, మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు అడిగినారు పెద్దాయనా. ఆ హాలుకు ఆనుకోనుండే షాపు మీరు తీసుకోండి. కట్టు పనికి బాగుంటాది."

ఆనుకోని అన్న మాట దగ్గరే కుప్పుస్వామికి మండింది. "మళ్లా ఆమెతో గోడ పంచుకోవల్లా? నాకొద్దప్పా."

"అయితే పైన రెండు ఫ్లాట్లు ఇస్తాను. రెండో అంతస్తులో ఉండాయి."

"ఆమె మొదటిదంటివి గదా. రెండోది గూడా వద్దు, మూడోదియ్యి."

వాస్తు చూసే ఆయన ఈశాన్యం మూల మూడో అంతస్తు దివ్యంగా ఉందన్నాడు. లిఫ్టు పెడతామని జయచంద్ర అన్నాడు. నందిని మాత్రం "నాయనా, కాళ్ళిరిగినోళ్ళు పైకెట్లా వస్తారు?" అని అడిగింది. "లిఫ్టుండాది గదమ్మా" అని సంతకం చేసేశాడు. కోపంలో ఉన్న మనిషికి లిఫ్టు గురించి అంతకంటే ఆలోచన రాదు. ఆయన వదిలేసిన షాపును జయచంద్ర సెల్‌ఫోన్లు అమ్మేవాళ్ళకు ఇచ్చాడు.

పాత కట్టడాలు పడగొట్టిన రోజు కుప్పుస్వామి దగ్గరుండి చూశాడు. జేసీబీ గోడను ఒక్క తోపు తోసి, పునాది పెకలించింది. మట్టిలోంచి ఒక రాయి బయటపడింది. నల్లది, నెత్తిన ప్లస్ గుర్తు. పాత హద్దు రాయి. అది గోడ కింద ఉండాల్సింది. గోడకు ఇవతల, కుప్పుస్వామి వైపు ఉంది, సరిగ్గా నాలుగంగుళాల ఎడంతో. రాఘవమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కుప్పుస్వామి అటూ ఇటూ చూశాడు. దుమ్ములో ఎవరూ కనబడలేదు. రాయిని మిగిలిన రాళ్ళతో పాటు టిప్పర్లో వేయించేశాడు. ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు, మర్నాడూ సహించలేదు. వెళ్ళి చెబుదామని రెండుసార్లు చెప్పులు తొడుక్కుని మళ్ళీ విడిచేశాడు.

ఏడాదిన్నర పాటు పక్క సందులో అద్దె షెడ్డులో కట్లు కట్టి, ఈ ఏడు మాఘంలో మూడో అంతస్తులో పాలు పొంగించారు. ఇల్లు బాగుంది. కప్పు కారదు, కుళాయి తిప్పితే నీళ్ళు, కిటికీ తీస్తే తిరుమల కొండ. రెండో ఫ్లాటు తలుపు మీద నందిని కొత్త బోర్డు కొట్టించింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నాయుడుపేట నుంచి మునెమ్మ అనే పెద్దావిడను కొడుకులు కారులో తెచ్చారు. మెట్టు జారి మోకాలి కింద విరిగింది. కాలు చాపి, కింద పలక పెట్టి కట్టి, కుర్చీలో కూర్చోబెట్టుకుని లిఫ్టు దగ్గరికి మోసుకొచ్చారు.

కుర్చీ లోపలికి పోయింది. కాలు బయటే ఉంది. కుర్చీ తిప్పారు, వీపు బయటికొచ్చింది. మూలగా పెట్టారు, తలుపు మడమ దాకా వచ్చి, తాకి, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నలుగురు నిలబడే లిఫ్టు అది, చాపిన కాలు సంగతి దాన్ని చేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

"కాలు కొంచెం ముడుచుకో అవ్వా" అన్నాడు వాచ్‌మన్.

"ముడిస్తే ముడుచుకునే కాలైతే ఈడికెందుకొస్తానప్పా?" అంది మునెమ్మ.

పైన పసరు నూరి పెట్టుకుని ఎదురు చూస్తున్న కుప్పుస్వామి, ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి మెట్లు దిగి వచ్చి ఇది చూశాడు. ఎంత తెలివితక్కువ పని చేశాడో అప్పుడు తెలిసొచ్చింది. చేతులు విరిగినవాళ్ళు పైకి రాగలరు. కాళ్ళూ నడుములూ విరిగినవాళ్ళ సంగతేంటి? సగానికి పైగా వాళ్ళే కదా.

ఆ రోజు మునెమ్మకు కింద పార్కింగులో రెండు స్కూటర్ల మధ్య కట్టు కట్టాడు. నందిని గుడ్లూ గిన్నెలూ పట్టుకుని మెట్లెక్కి దిగింది. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. మూడో రోజుకు పార్కింగు స్తంభం పక్కన ఒక పాత బెంచీ వచ్చి ఉంది, దాని మీద వేడినీళ్ళ ఫ్లాస్కు. ఎవరు పెట్టారని కుప్పుస్వామి అడగలేదు. ఆ బెంచీ మీద ఎన్నో ఏళ్ళు కూర్చుని టిఫిన్ తిన్నవాడు, గుర్తుపట్టడా? గుర్తుపట్టనట్టు ముఖం తిప్పుకుని దాని మీదే రోగిని కూర్చోబెట్టాడు. మోసుకొచ్చినవాళ్ళు ఆకలితో ఉంటే వాళ్ళ చేతుల్లోకి ఇడ్లీ పొట్లాలు కూడా వచ్చేవి. అదీ చూడనట్టే ఊరుకున్నాడు.

మూడు వారాలయ్యాక ఫ్లాట్ల సంఘం సెక్రటరీ భానుచందర్ వచ్చాడు. మర్యాదస్తుడే. "పెద్దాయనా, మీ మీద మాకందరికీ గౌరవం ఉండాది. అయితే నేలంతా పసరు మరకలు, గుడ్డు వాసన. నిన్న కుర్చీ తగిలి రెండో అంతస్తాయన కారు గీసుకుపోయింది. నెలాఖరు లోపల ఇంకో చోటు చూసుకోండి" అన్నాడు. కుప్పుస్వామి వాదించలేదు. ఆయనన్నదాంట్లో తప్పేముంది?

రోడ్డు పొడుగునా తిరిగాడు. ఎక్కడ చూసినా అద్దాల షాపులే, గుడ్లు పగలగొట్టే వైద్యానికి కింద గది ఇస్తామన్నవాళ్ళు లేరు. చివరికి రైలు గేటు దాటి, ఇంకా లోపల, బస్సు పోని చోట ఒక రేకుల గది దొరికింది.

"ఆడికి ఎవరొస్తారు నాయనా? కుంటుకుంటూ అంత దూరం ఎట్లా వస్తారు?" అని నందిని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేను చేసుకున్నదే గదమ్మా. నాయన పెట్టిన చోటును నా చేతులారా పోగొట్టుకున్నాను" అన్నాడు. కూతురికి కూడా ఈ విద్యతో బతుకు ఈ రోడ్డు మీదే ఉందని ఆయనకు తెలుసు. అదే మరీ బాధగా ఉంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు, పొద్దున్నే, గేటు దగ్గర కట్టిన చిన్న బోర్డు విప్పుకుందామని కిందికి దిగాడు. రాఘవమ్మ హాల్లో ఒక షట్టరు కింద బల్లలన్నీ తీసేసి ఉన్నాయి. మేస్త్రీ ధనంజయ నేల మీద దారం పట్టి సుద్దతో గీత గీస్తున్నాడు. పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి. రాఘవమ్మ కొంగు దోపుకుని నిలబడి ఉంది. గుమ్మం దగ్గర నందిని, ఏదో తెలిసిన ముఖంతో.

"ఇదక్కా సరిగ్గా సగం. ఈ గీత మీద గోడ లేపేస్తాను" అన్నాడు ధనంజయ.

రాఘవమ్మ గీతను చూసింది. గుమ్మంలో ఆగిపోయిన కుప్పుస్వామిని చూసింది. మళ్ళీ గీతను చూసింది.

"నాలుగంగుళాలు నా పక్కకు జరుపు" అంది.

"నీకు తగ్గిపోతాది గదక్కా."

"తగ్గనీలే. ఆ పక్కన కాళ్ళు చాపుకోని పడుకునేవాళ్ళుంటారు. వాళ్ళకు చోటు కావల్ల."

ధనంజయ తడిగుడ్డతో గీత తుడిచి, నాలుగంగుళాలు జరిపి మళ్ళీ గీశాడు. కుప్పుస్వామికి సిగ్గుతో తల వంగిపోయింది. పన్నెండేళ్ళుగా నాలుక చివర ఆగిపోయిన పిలుపు ఎలాగో బయటికొచ్చింది.

"అక్కా."

"చెప్పు కుప్పుసామీ."

"గోడ పడగొట్టిన రోజు ఒక రాయి బయటపడినాది. హద్దు రాయి. నువ్వు చెప్పిందే నిజం. నేను దాన్ని టిప్పర్లో ఏయించేసినాను."

"తెలుసు" అంది రాఘవమ్మ. "ఆ పొద్దు నేను ఈపక్క వేపచెట్టు కాడ నిలబడి చూస్తా ఉన్నాను. నువ్వు అటూ ఇటూ చూసినావు గానీ చెట్టు పక్కకు చూడలేదు."

"తెలిసి కూడా ఈ గది నాకిస్తా ఉండావా?"

రాఘవమ్మ ఎడమ చెయ్యి ఎత్తి మణికట్టు తిప్పి చూపించింది. "ఇది నీ చేతిలో పెట్టినప్పుడు భయపడినాను. మనమీద కోపంగా ఉండే మనిషి, గట్టిగా లాగేస్తాడేమో అనుకున్నాను. నువ్వు పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంటివి. ఆ పొద్దే అనుకున్నాను, ఈ మనిషి గోడ కావాలని జరిపుండడని. అయినా నోరు లేవలేదు, ఏం చేసేది. మీ బావ ఉండుంటే ఈ పని ఎప్పుడో చేసుండేవాడు."

కుప్పుస్వామి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచినా ఆగలేదు. ఎదురుగా కూతురు, మేస్త్రీ ఉన్నారని కూడా ఆయనకు పట్టలేదు. నలభై ఏళ్ళలో ఎంతమంది తనకు దండం పెట్టి వెళ్ళారో, వాళ్ళ మనసులో ఎలా ఉండేదో ఆయనకు ఆ రోజు తెలిసింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"పైన ఫ్లాటు నువ్వు తీసుకోవల్లక్కా. తీసుకుంటేనే నేను ఈడికి దిగేది."

"తీసుకుంటాలే. లోహితకు చదువుకునేదానికి బాగుంటాది. ఈ పొగలో కూర్చోలేక కొట్లాడతా ఉండాది నా మనవరాలు" అంది రాఘవమ్మ. కాగితాల మార్పిడి జయచంద్ర చూసుకున్నాడు. ఆయన ఇలాంటి మార్పిడి ఎప్పుడూ చూడలేదని, ఇద్దరూ తమకే ఎక్కువ వచ్చిందని కొట్లాడుకుంటున్నారని ఊరంతా చెప్పుకున్నాడు.

పదిరోజుల్లో గోడ లేచింది, సున్నం ఆరింది. మూడో అంతస్తు తలుపు మీది బోర్డు కిందికి దిగి షట్టరు మీదికి వచ్చింది. మొదటి రోజు తొలి రోగి మునెమ్మే, కట్టు మార్చుకోవడానికి. కొడుకులు కుర్చీతో సహా రోడ్డు మీద నుంచి నేరుగా లోపలికి తెచ్చి దించారు. ఆమె కాలు చాపుకుని గది నలుమూలలా చూసి, "ఇప్పుడు బాగుండాది సామీ. ఆ పెట్టెలో నన్ను పెట్టి మూస్తారేమోనని బయపడి సచ్చినాను" అంది.

ఆమెకు కట్టు వేసి, చేతులు కడుక్కుని, కుప్పుస్వామి మూలనున్న స్టీలు గిన్నె అందుకున్నాడు. ఆ పొద్దున పగిలిన గుడ్ల పచ్చసొన అంతా అందులో ఉంది. షట్టరు బయట నాలుగు కుక్కలు అలవాటుగా లేచి నిలబడ్డాయి. ఆయన వాటిని దాటుకుని, పక్క షట్టరు కింద నుంచి లోపలికి వెళ్ళి, గిన్నెను పెనం పక్కన పెట్టాడు.

రాఘవమ్మ గిన్నెలోకి తొంగి చూసింది.

"ఇంతేనా?" అంది. "కుక్కలకు ఇంతకంటే ఎక్కువ పోస్తా ఉంటివే. రోజూ చూస్తానే ఉండాను గదా."

కుప్పుస్వామికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పార్కింగు నుంచి తిరిగొచ్చిన పాత బెంచీ మీద కూర్చున్నాడు. రాఘవమ్మ పెనం మీద నీళ్ళు చిలకరించి, పిండి పోసి, గరిటెతో సొన తీసి దోశ నిండా పూసింది. అవతల నుంచి నందిని గోడ మీద తట్టి, "నాయనా, ఇంకొకాయనొచ్చినాడు, భుజం జారిందంట" అని కేకేసింది.

"కూర్చోమనమ్మా" అన్నాడు కుప్పుస్వామి. "అక్క దోశ తిప్పతా ఉండాది. తినేసి వస్తా."